షోకేసులో పట్టే కంప్యూటరు

పోయిన నెలలో అమ్మ ఫోన్ చేసింది. తిన్నావా, పడుకున్నావా అన్న ప్రశ్నల జోలికి పోకుండా, "ఒరేయ్, షోకేసులో నీ పెట్టెలోంచి బొద్దింకలు దిగుతున్నాయి. వచ్చి తీస్తావా, చెత్తబండికి ఇచ్చెయ్యమంటావా?" అంది. ఎవరికైనా ఇంటి నుంచి పిలుపొస్తే పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగోలేక వస్తుంది. నాకు బొద్దింకల ఆరోగ్యం మరీ బాగుండి వచ్చింది. ఆదివారం కాకినాడలో బస్సెక్కి మండపేట వెళ్ళి, ఆ పెట్టెని వీధి అరుగు మీద పెట్టి, మరలు విప్పి రేకు తీశాను. తియ్యకుండా ఉండాల్సింది. ఫ్యాను ఏళ్ళ తరబడి లోపలికి లాక్కున్న తవుడూ, ఊక బూడిదా, గాలిలో తేమా కలిసి తడిసిన గోనెలాంటి దళసరి పొర కట్టాయి. ఆ పొరని పరుపు చేసుకుని బొద్దింకలు కాపురాలు పెట్టాయి. వాటి గుడ్ల సంచులు చింతపిక్కల్లా నిగనిగలాడుతూ వరసగా అతుక్కుని ఉన్నాయి. ఒక మూల బల్లి తోక ఉంది, బల్లి లేదు. అది ఎవరి కడుపులో ఉందో ఆలోచించే ధైర్యం నాకు లేకపోయింది. అమ్మ గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడి, "దీనికోసమా ఆ వేసవంతా తండ్రీకొడుకులు ఇల్లు పీకి పందిరేశారు?" అంది. లోపల నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. పేజీ మాత్రం తిప్పడం లేదు.

దీనికోసమే. అందులో అబద్ధం ఏమీ లేదు.

మా ఇల్లు రెండు రైసుమిల్లుల మధ్య ఉంటుంది. మండపేటలో పుట్టి పెరిగినవాడికి వేరే ఊళ్ళో ముక్కు పనిచెయ్యదు, ఎందుకంటే చెయ్యడానికి పనుండదు. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానబెట్టిన నీళ్ళు పులిసి కాలవలోకి వదిలితే వచ్చే కంపుని మాటల్లో పెట్టిన కవి ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా మా వీధిలో ఇల్లు అద్దెకి తీసుకోడు. పులిసిన గంజిలో తడి కుక్క పడుకున్నట్టుంటుంది అంటే కొంత దగ్గరికి వస్తుంది. ఆ కంపు పైన ఊక బూడిద. పొగగొట్టంలోంచి లేచి నల్లటి మంచులా దిగేది. అమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి, కిటికీ చువ్వలు తుడిచి, మంచం దులిపి, మంచినీళ్ళ బిందె మీద పళ్ళెం, పళ్ళెం మీద గుడ్డ, గుడ్డ మీద ఇంకో పళ్ళెం పెట్టి, అయిపోయిందనుకుని వెనక్కి తిరిగేసరికి మళ్ళీ కిటికీ నల్లబడేది. మా ఇంటికొచ్చిన చుట్టాలు పెరుగన్నంలో మిరియాలు బాగా వేశావమ్మా అని మెచ్చుకునేవారు. అమ్మ కాదనేది కాదు. ఇంట్లో బూడిద దూరని చోటు ఒక్కటే, హాల్లో టీవీ కింద జరిపే అద్దాల తలుపులున్న షోకేసు. పెళ్ళికి వచ్చిన గాజు గ్లాసులు, నా ఏడో తరగతి కప్పు, ఎవరో కాశీ నుంచి తెచ్చిన చెంబు అందులో శుభ్రంగా బతికేవి. మిగతా కుటుంబం బయట బతికేది.

నాన్న పేరు సత్యం. మిల్లులో ధాన్యం చూసే మనిషి. గుమస్తా కంటే ఎక్కువ, ఓనరు కంటే చాలా తక్కువ. కాటా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. రైతు బండి వస్తే లేచి, బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి, రెండు నోట్లో వేసుకుని పటుక్కున కొరికి, ఊక పక్కన ఉమ్మి, తేమ ఎంతుందో చెప్పేవాడు. చెయ్యి చెడిపోతుందని సబ్బు వాడేవాడు కాదు. ఆ చేత్తోనే అన్నం కలుపుకునేవాడు. ఇంట్లో కూడా ఏది కనబడినా బరువు చూసి, వాసన చూసి, వీలైతే కొరికి ఉమ్మేవాడు. మా అరుగు మూల ఎప్పుడూ ఊక తడితడిగా ఉండేది, దాని మీద ఈగలు ఉండేవి. "బరువుంటే సరుకు, లేకపోతే తాలు," అనేవాడు. వంకాయకీ అదే మాట, పెళ్ళికొడుక్కీ అదే మాట. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నాన్న చేతికి ఒక అంకె ఉండేది, నోటికి ఇంకో అంకె ఉండేది. చెయ్యి పదహారు శాతం తేమ అంటే నోరు పంతొమ్మిది అనేది. పదిహేడు దాటితే బస్తాకి ఇంత అని తరుగు తీస్తారు, ఆ తరుగు మిల్లుకి మిగులుతుంది. రైతులు "సత్యంగారి చెయ్యి తప్పదండి" అనేవారు. చెయ్యి నిజంగా తప్పేది కాదు. ఆ మెప్పు తిని పెరిగిన ఒళ్ళు నాది, దానికి ఇప్పుడు అజీర్తి చేసి లాభం లేదు.

నేను ఇంటరు గట్టెక్కిన వేసవిలో రెండు యంత్రాలు మా జీవితంలోకి వచ్చాయి. మొదటిది మిల్లుకి వచ్చింది. ఓనరుగారబ్బాయి, అందరూ చినబాబు అంటారు, ఎక్కడి నుంచో తేమ కొలిచే మీటరు తెచ్చాడు. ఆ రోజు నాన్న అన్నం ముందు కూర్చుని, "డబ్బాలాంటిది. గుప్పెడు గింజలు పోస్తే అంకె చెబుతుందంట," అన్నాడు, ఎవరో చుట్టం చెడు తిరుగుళ్ళు తిరుగుతున్నాడని చెప్పినట్టు. ఓనరుగారు ధర్మప్రభువు కాబట్టి తీర్పు కూడా మెత్తగానే ఇచ్చాడట: ఈ దాళ్వాకి, అంటే రెండో పంటకి, చెయ్యీ మీటరూ రెండూ చూద్దాం, సత్యంగారి అంకె మీటరుతో కలిస్తే ఆయన ఉంటారు, కలవకపోతే ఇంటిపట్టున విశ్రాంతి తీసుకుంటారు. మా నాన్నకి విశ్రాంతి అంటే ఏం చెయ్యాలో తెలీదు. తెలిసిందల్లా బస్తాలో చెయ్యి పెట్టడం. అమ్మ రోజూ సాయంత్రం గుమ్మంలోనే అడిగేది, "కలుస్తోందా?" అని. "కలుస్తోంది," అనేవాడు. కలుస్తున్నందుకు సంతోషించాల్సిన మనిషి, చేదు మాత్ర చప్పరిస్తున్నట్టు ఎందుకు అంటున్నాడో నేను పట్టించుకోలేదు. నా ధ్యాసంతా రెండో యంత్రం మీద ఉంది.

నాకు ఆటలాడే కంప్యూటరు కావాలి. చదువుకోవడానికి అని అబద్ధమాడచ్చు, మా వీధిలో అందరూ అలాగే ఆడారు. నేను నిజమే చెప్పాను, అది తెలివి అనుకుని. నాన్న చిట్టీ పాట పాడి డబ్బు తెచ్చాడు, అమ్మ ఒక్క షరతు పెట్టింది: "షోకేసులో పట్టాలి. బయట పెడితే బూడిద తుడవడం నా వల్ల కాదు." అంటే ఎత్తు జానెడు, వెడల్పు కాశీ చెంబు జరిపితే ఇంకో జానెడు. అప్పటినుంచీ నేనూ నా స్నేహితుడు చంటీ చిన్న కంప్యూటరు కట్టే శాస్త్రంలో పడ్డాం. ఆ శాస్త్రంలో మొదటి సూత్రం, పెట్టె చిన్నదయ్యేకొద్దీ ధర పెద్దదవుతుంది. చిన్న బోర్డుకి ఎక్కువ పెడితే ప్రాసెసరు ఒక మెట్టు దిగాలి. ప్రాసెసరు పట్టుకుంటే మెమరీ సగమే వస్తుంది. బొమ్మలు బాగా కనబడాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలి, ఆ కార్డు పొడుగు పెట్టె పొడుగు కంటే ఎక్కువ. యూట్యూబులో కుర్రాళ్ళు, ఎర్ర లైట్లు వెలిగే గదుల్లో కూర్చుని, ఇది కొనకపోతే మీ బతుకు వృథా అని చెప్పేవారు. వాళ్ళ గదుల్లో ఒక్కదాంట్లోనూ బూడిద లేదు. అసహ్యమేసేది, చూడడం మానలేదు.

అంతా రాసుకుని రాజమండ్రి బయల్దేరే రోజున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద ప్రత్యక్షమయ్యాడు. "నేనూ వస్తా. సరుకు చూడకుండా కొంటారా ఎక్కడైనా?"

కంప్యూటర్ల కొట్టు మెయిన్ రోడ్డు పక్క సందులో, మేడ మీద. మెట్ల మూలల్లో గుట్కా ఉమ్మకూడదని దేవుళ్ళ బొమ్మల పలకలు అతికించారు. జనం భక్తిగా దేవుళ్ళని వదిలేసి, వాళ్ళ రెండు పక్కలా ఉమ్మారు. పైన బాబ్జీ అనే ఆయన, చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ పుల్ల తీసి, చూసుకుని, బల్లకి రాసి, అదే చెయ్యి చాపి, "రండి రండి. ఏం కావాలండి?" అన్నాడు.

"చిన్న కంప్యూటరండి. ఆటలాడేది," అన్నాడు నాన్న, మేకపిల్ల కావాలన్నట్టు.

"చిన్నదంటే ఖరీదెక్కువవుద్దండి. పెద్దదైతే చవగ్గా వచ్చేద్ది."

"అదేంటండీ బాబూ, తక్కువ సరుక్కి ఎక్కువ రేటా?"

"ఆయ్. లోకమే అలా అయిపోయిందండి."

నాన్న ప్రాసెసరు పుచ్చుకుని అరచేతిలో ఎగరేశాడు. నా గుండె కూడా ఎగిరింది. "ఇదా దీనికి మెదడు? ఇంతే ఉందేంట్రా, బిస్కెట్టు ముక్క."

"మనుషులకి కూడా అంతే ఉంటుంది నాన్నా."

"ఎటకారాలాడకు."

గ్రాఫిక్స్ కార్డు కొత్తది కొనే స్తోమత లేక పాతది చూపించమన్నాం. అది ఏదో నెట్ సెంటరులో వాడి వదిలేసింది. ఫ్యాను రెక్కల మధ్య సిగరెట్టు పొగ జిగురుగా పట్టి ఉంది, ఆ జిగురులో ఎవరిదో పొడుగాటి వెంట్రుక చుట్టుకుని ఉంది. నాన్న ముక్కు దగ్గర పెట్టుకుని, "పుచ్చు," అన్నాడు. "తుడిస్తే పోద్దండి," అన్నాడు బాబ్జీ, అగ్గిపుల్ల చేత్తో వెంట్రుక లాగుతూ. మా లెక్కకి ఇంకోటి రాదు గనక తీసుకున్నాను. ప్రేమ గుడ్డిదంటారు, దానికి ముక్కు కూడా ఉండదు.

చివరికి మిగిలింది కరెంటు అందించే డబ్బా, పవర్ సప్లై. నేను మంచి పేరున్నది, కాస్త తేలికైనది ఎంచుకున్నాను. నాన్న దాన్ని అటూ ఇటూ ఊపి, "ఇందులో ఏం లేదురా. తాలు," అన్నాడు.

బాబ్జీ చెవులు నిక్కాయి. "తమరు మండపేటన్నారు కదండీ, మిల్లాండీ?"

"ధాన్యం చూస్తానండి. చేత్తోనే."

"అదీ! నేను అనుకుంటానే ఉన్నానండి. చేతిలో పడగానే కనిపెట్టేశారు. ఒక్క నిమిషం ఆగండి, తమలాంటోళ్ళకి చూపించేది వేరే ఉంది." లోపలికి వెళ్ళి ఇంకో డబ్బా తెచ్చాడు. పేరు ఎప్పుడూ విననిది, ధర మాత్రం తక్కువ. నాన్న చేతిలో పెడితే చెయ్యి కిందికి దిగింది. నాన్న మొహం పైకి లేచింది.

"ఇదీ సరుకంటే."

"నాన్నా, ఇది ఎంత కరెంటు ఇస్తుందో డబ్బా మీద సరిగ్గా లేదు. చంటి చెప్పాడు..."

"కాయితం మీద అంకెలు ఎవడైనా వేస్తాడ్రా. బరువు అబద్ధమాడదు."

ఆ మాట నిజానికి నాతో అన్నది కాదు. మిల్లులో చినబాబుతో అనాల్సింది, అనలేక రాజమండ్రి తెచ్చి బాబ్జీ కొట్లో అన్నాడు. అది నాకప్పుడే అర్థమైంది. అర్థమైన కొడుకు నోరు మూసుకున్నాడని చెబితే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి ధర తగ్గింది కదా, మిగిలిన డబ్బుతో ఇంకో మెమరీ ముక్క వస్తుందని మూసుకున్నాను.

ఇంటికి తెచ్చి బిగించాం. అమ్మ బొట్టు పెట్టింది. కాశీ చెంబు పక్కకి జరిగింది. ఆట మొదలై తెర మీద ఎవడో కత్తి పట్టుకుని పరిగెత్తుతుంటే నాన్న ఐదు నిమిషాలు చూసి, "వీడికి ఊళ్ళో పనేం లేదా?" అని వెళ్ళిపోయాడు. కానీ మర్నాటి నుంచి మిల్లులో, టీ బడ్డీ దగ్గర, కంప్యూటరు తన చెయ్యి చూసి కొన్నదేనని చెప్పుకోవడం మొదలెట్టాడు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, కత్తివీరుడు గోడ దూకుతుండగా టప్‌మని చప్పుడై అంతా చీకటైపోయింది. షోకేసు అద్దాల మధ్య నుంచి చేపపొలుసు కాలిన కంపు వచ్చింది. చంటిని పిలిచాను. వాడు పవర్ సప్లై డబ్బా మరలు విప్పాడు. లోపల రెండు తీగలు, మాడిన బొట్టు బిళ్ళ లాంటిది ఒకటి, మిగతా చోటంతా నల్లటి పట్టీ చుట్టిన దిమ్మ. పట్టీ ఊడదీశాడు. సిమెంటు. అచ్చు పోసిన సిమెంటు ముక్క. దాని అడుగున తడి ఆరక ముందు అంటుకున్న ఎవరిదో వేలిముద్ర కూడా ఉంది. అది చూసి నాకు కలిగిన రోత ఇందాక చెప్పిన వెంట్రుక వల్ల కూడా కలగలేదు. ఎవడో ఒకడు పొద్దున్నే లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, కూర్చుని ఈ ముక్క పోశాడు. బాబ్జీ కూడా మా నాన్న చేతిని మెచ్చుకుంటూనే ఇచ్చాడు.

"ఒరేయ్," అన్నాడు చంటి, నవ్వాలో వద్దో తెలీక, "మీ నాన్న బస్తాలో ఆవగింజంత బెడ్డ ఉన్నా పట్టేస్తాడు కదరా."

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. ఒక్క క్షణంలో తీర్మానించింది. "ఆయనకి చెప్పకండి. పంట అయిపోయేదాకా. అక్కడ మీటరుతో చావలేక ఉన్నారు, చెయ్యి తప్పిందని తెలిస్తే రేపు బస్తాలో చెయ్యి పెట్టరు." అలా మా ఇంట్లో కుట్ర మొదలైంది. చంటి తన పాత కంప్యూటరు పవర్ సప్లై ఇచ్చాడు. అది మా పెట్టెలో పట్టలేదు. షోకేసు వెనక నేల మీద పెట్టి, అమ్మ పాత చీర కప్పి, అద్దం తలుపు కొంచెం తెరిచే ఉంచి, తీగలు ఆ సందులోంచి లాగాం. జానెడు కంప్యూటరుకి మూరెడు తోక. ఇంత గొప్ప పొదుపైన చిన్న యంత్రం జిల్లాలో ఇంకోటి ఉండదు. నాన్న చూసి, "చీరెందుకు?" అంటే అమ్మ, "బూడిద," అంది. మా ఇంట్లో ఆ ఒక్క మాట ఏ ప్రశ్నకైనా సరిపోతుంది.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం నాన్న మిల్లు హమాలీల జట్టు మేస్త్రి సూరిబాబుని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇదిగో, చెప్పానే, ఇదే. చూడ్డానికి ఇంతే గానీ ఎత్తి చూడు," అంటూ, తనే ముందు షోకేసు తలుపు జరిపి, బరువుకి తగ్గట్టు నడుం వంచి, రెండు చేతులూ వేసి లేపాడు. పెట్టె గభాల్న పైకి లేచింది. నాన్న అలాగే ఆగిపోయాడు. గాల్లో పట్టుకుని, ఎవరో నిద్రపోతున్న పిల్లని ఇచ్చినట్టు, కాసేపు కదలలేదు. తర్వాత నెమ్మదిగా దించాడు. "టీ తాగి వెళ్ళు సూరిబాబూ," అన్నాడు.

సూరిబాబు వెళ్ళాక, "ఏం తీశార్రా ఇందులోంచి?" అన్నాడు.

ఏమీ లేదనబోయాను. ఆ చేతికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. పరుపు కింద దాచిన ముక్క తెచ్చి ఇచ్చాను. నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని, వేలిముద్ర ఉన్న వైపు తిప్పి చాలాసేపు చూశాడు. "బరువు సరిగ్గానే చూశాను," అన్నాడు. "అందులో తప్పులేదు."

"తప్పులేదు నాన్నా. కొట్టువాడు దొంగ."

"వాడికి తెలిసే ఇచ్చాడంటావా?"

"తెలిసే ఇచ్చాడు."

"నా చెయ్యి మంచిదని కూడా అన్నాడు," అన్నాడు నాన్న. ఆ తర్వాత అన్నం తినలేదు. ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు వేసి గాలి తియ్యడం ఇంట్లో నా ఉద్యోగం. ఆ రాత్రి సెలవు పెట్టాను.

ఇప్పుడు ఇదంతా తలుచుకుంటే అప్పటి మోసం మీద నాకు కొంచెం గౌరవం కూడా కలుగుతుంది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, చెవిలో పుల్ల తిప్పుకుంటూ, మీ ఊరేదని అడిగి, మీ గర్వం ఎక్కడుందో వెతికి, అక్కడ పట్టుకుని మోసం చేసేవాడు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే మొహం తెలియని వెయ్యిమంది ఐదేసి నక్షత్రాలు వేసి ఉంటారు, సగం వాళ్ళు ఆ వస్తువు కొననే లేదు. నేను పనిచేసేది ఇళ్ళకి సరుకులు పంపే ఆఫీసులో; సామాను ఇంకో పది నిమిషాల్లో వస్తుందని కొన్నవాళ్ళ ఫోన్ తెర మీద చూపిస్తాం. అది బయల్దేరనే లేదని మాకు తెలుసు. ఆ పది అనే అంకె వేసేది నేనే. నెలాఖరుకి జీతం పడుతుంది, సబ్బుతో చేతులు కడుక్కుని అన్నం తింటాను. మిల్లుల దగ్గర ఇప్పుడు పొగగొట్టాలకి వల లాంటిదేదో బిగించారు, బూడిద తగ్గింది. కంపు మాత్రం అలాగే ఉంది, దానికి వల కనిపెట్టలేదు.

సిమెంటు ముక్క చేతికిచ్చిన మర్నాడు నాన్న ఎండ దిగకుండానే ఇంటికి వచ్చేశాడు. ఆ వేళప్పుడు ఆయన్ని ఇంట్లో చూడడం నాకూ అమ్మకీ అలవాటు లేదు. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మ అడగబోయి, ఆగి, కంచం పెట్టింది. "కలిసిందా?" అంది చివరికి.

"కలవలేదు."

జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ద్వారపూడి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. మీటరు పంతొమ్మిది చూపించింది. నాన్న చెయ్యి పెట్టి, పదహారన్నాడు, పైకే. చినబాబు నవ్వి, "మీటరు తప్పు చెబుద్దా సత్యంగారూ?" అన్నాడట.

"మీరేమన్నారు?"

"ఈ పంటంతా మీటరు నా చేతితో కలవట్లేదు బాబూ, నా నోటితో కలుస్తోంది అన్నాను. దానికి మూడు అంకెలు పైకి చూపించమని ఎవరు నేర్పారో నాకు తెలుసన్నాను. నాకు నేర్పినవాళ్ళేనన్నాను."

ఈ మాటలు నాన్న మిల్లులో నిజంగా ఈ వరసలోనే అన్నాడో, ఇంటికి నడిచొచ్చే దారిలో చెక్కుకున్నాడో నేను ప్రమాణం చెయ్యలేను. మా ఇంట్లో మగవాళ్ళకి మంచి మాటలు ఎప్పుడూ గేటు దాటాకే తడతాయి. కానీ కుర్చీ పోయిన మాట నిజం. విశ్రాంతి తీసుకోమన్నారు.

అమ్మ ముద్దపప్పు వడ్డించి, నెయ్యి వేసింది. "పోనీ ఆ రైతేమన్నాడు?"

"ఏమంటాడు. లారీ అద్దె ఎక్కిపోతోంది. పంతొమ్మిదికే ఒప్పుకుని తరుగు తీయించుకుని పోయాడు. నా వంక చూడను కూడా లేదు."

"మరి మీరన్నది దేనికి? ఆయనకీ రాలేదు, మీకూ పోయింది."

నాన్న అన్నం కలపడం ఆపాడు. "నా నోట్లోంచి నా చేతి అంకె వస్తే ఎలా ఉంటుందో ఒకసారి విందామని," అన్నాడు.

"విన్నారుగా," అంది అమ్మ. "ఇక తినండి, పప్పు చల్లారిపోతోంది."